సోమవారం గోలీ

మల్లక్క మా పెద్దక్క. సిరిసిల్లలో నా మందుల దుకాణానికి రెండు సందుల అవతల ఒంటరిగా ఉంటుంది. బీడీలు చుట్టి బతుకుతుంది. బావ పోయి పన్నెండేళ్లయినా ఎవరినీ ఏ సాయమూ అడిగిన మనిషి కాదు. "చేతులు ఆడినన్ని దినాలు నేనెవ్వలికి బరువు గాను" అనేది. ఆ మాట విని విని నాకు విసుగొచ్చేది.

నిరుడు వానాకాలంలో ఆ చేతులే మొండికేశాయి. పొద్దున లేస్తే గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. కణుపులు ఉబ్బి, ఆకు కత్తిరించే కత్తెరలో వేలు దూరేది కాదు. బీడీలు చేసీ చేసీ వచ్చిందనుకున్నాం అందరం. ఆర్‌ఎంపీ సూది వేస్తే వారం హాయిగా ఉండేది, మళ్లీ మామూలే. నాలుగు నెలలు అట్లాగే గడిచాయి. మందులమ్ముకునే నాకైనా బుద్ధి ఉండొద్దా?

చివరికి కరీంనగర్‌లో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. రక్తపరీక్షలు చూసి ఆమె ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే బలగం ఒకటి ఉంటుంది. అక్క ఒంట్లో అది దారి తప్పి సొంత కీళ్ల మీదే పడింది. కొంత పుట్టుకతో వచ్చే గుణం, కొంత బయటి కారణాలు. ఆడవాళ్లలోనే ఎక్కువ. ఫలానా దాని వల్లే అని తేల్చి చెప్పలేమంది.

"నేనెవ్వలికేం పాపం జేసిన్నమ్మా?" అంది అక్క.

"పాపం లేదు, పుణ్యం లేదు. ఆ బలగాన్ని జర నెమ్మది జెయ్యాలె. ఆలస్యమైతే వేళ్లు వంకర వోతయి, మళ్ల సక్కగ గావు" అంది డాక్టరమ్మ.

వారానికి ఒక్కసారే మింగే గోలీ రాసింది. గుణం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుందట. ఏ రోజైనా సరే, ప్రతి వారం అదే రోజు పెట్టుకోమంది.

అక్కడే నా తెలివి తెల్లారింది. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి తెచ్చే గోలీ అది. అందుకే అక్కకు గట్టిగా చెప్పాను. "సోమవారం పొద్దున, తిన్నంక మింగు. వేములవాడ రాజన్న వారం, మరిచిపోవు. ఇంకో దినం ముట్టినవో సస్తవ్." అక్క బుద్ధిగా తలూపింది.

మూడు నెలలకు వేళ్లు ఇంకా ఉబ్బాయి. కుడిచేతి చివరి రెండు వేళ్లు పక్కకు ఒరిగాయి. మందు పనిచేయలేదని డాక్టరమ్మ పెద్ద ఇంజక్షన్ల మాట ఎత్తింది. నాకెందుకో అనుమానం వచ్చి, ఇంటికి రాగానే అక్క మందుల డబ్బా తెరిచాను. అట్టలో ఒక్క గోలీ కదిలితే ఒట్టు.

"గిదేందక్కా! ఒక్కటి గూడ మింగలేదా?" అని అరిచాను.

"ఎట్ల మింగుదు తమ్మీ? చేతులు మంచిగ గావాలని రాజన్నకు పదహారు సోమవారాలు ఒక్కపొద్దు మొక్కిన. పొద్దున తినకపోతి. నువ్వేమో తిన్నంకనే మింగాలంటివి. తెల్లారి మింగుదామంటే సస్తవంటివి."

"మరి నాకు జెప్పద్దా!"

"జెప్తే గుర్రుమంటవని జెప్పలే."

 ఆమె తప్పేముంది? దేవుడికిచ్చిన మాట తప్పలేదు, తమ్ముడి మాటా జవదాటలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

కొత్త వారం వెతకడమూ ఒక పనే అయింది. మంగళవారం పోచమ్మది, గురువారం సాయిబాబాది, శనివారం వెంకన్నది. ఎట్లాగో బుధవారం దొరికింది. ఇప్పుడు ప్రతి బుధవారం దుకాణం తెరవకముందే పోయి, ఆమె తిని, గోలీ మింగేదాకా ఎదురుగా కూర్చుంటాను. కాలేయం బాగుందో లేదో చూడటానికి నెలనెలా రక్తపరీక్ష. వాపు తగ్గింది. పొద్దుటి బిగుతు పావుగంటకు దిగింది. ఒరిగిన రెండు వేళ్లు మాత్రం ఇక రావని డాక్టరమ్మ తేల్చేసింది. నిజం చెప్పొద్దూ, నేను అలసిపోయాను.

మొన్న బుధవారం నా భార్య రమ కూడా వెంట వచ్చింది. గోలీ మింగాక అక్క తన జుట్టుతో చాలాసేపు కుస్తీ పట్టింది. కొప్పు ముడి పడటం లేదు. మేం చూడనట్టే కూర్చున్నాం. చివరికి ఆమె దువ్వెన తెచ్చి రమ ఒళ్లో పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

"జర ముడెయ్యవే రమా" అంది నేల చూస్తూ.

రమ దువ్వెన అందుకుంది. నేను బయటికి వచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చాను.