ఎర్రోడిని బువ్వకు పిలిచిన సాయంత్రం

మొన్న నా బిడ్డ మోకాలు చెక్కుకొని ఏడుస్తూ వస్తే, చేతికి వేరే మందు అందక, గిన్నెలో ఇంత వెన్న వేసి పసుపు కలిపాను. నాందేడ్‌లో మూడో అంతస్తు వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి, తెలంగాణ సరిహద్దున బిలోలి వైపు మా ఊరి కొట్టం, తడిసిన నల్లరేగడి, ఎద్దుల మెడల మీది చెమట అన్నీ వచ్చి నా చుట్టూ నిలబడ్డాయి. వాటితోపాటు కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ కోపానికి వయసు మీరలేదు.

మీ ప్రాంతమంటే నీకెందుకంత ప్రేమ అని ఇక్కడి పక్కింటివాళ్ళు నన్ను ఆటపట్టిస్తుంటారు. నిజామాబాద్ చుట్టాలకు మేం మరాఠీవాళ్ళం, ఇక్కడి వాళ్ళకు తెలుగువాళ్ళం, ఎటు పోయినా పిలవని పేరంటమే. అయినా చెప్పమంటే కారణాలకు కరువా? చలికాలం పొద్దున చేలో పిడకల నిప్పు చేసి, పాలు పోసుకున్న జొన్న కంకులను అందులో కాల్చి, చేతులు కాలుతుండగానే అరచేతుల మధ్య నలిపి, ఊకను నోటితో ఊది, ఆ పచ్చటి గింజలను వెల్లుల్లి కారంతో బుక్కి నీళ్ళు తాగడం ఒక కారణం. వానాకాలంలో రేగడి కాళ్ళకు అంటుకొని, నాలుగడుగులు వేసేసరికి ఒక్కో కాలు రోకలంత బరువెక్కి, బడికి పోయే పిల్లలమంతా ఏనుగుల్లాగా నడుస్తూ ఒకరినొకరు నవ్వుకోవడం ఇంకొకటి. మా నాయనమ్మ తెలుగులో తిట్టేది, మరాఠీలో లెక్కపెట్టేది, ముఖేడ్ బజారులో గాజులామెతో దక్కనీ హిందీలో బేరమాడేది. ఆమె పుంటికూర, అదే గోంగూర, పొయ్యి మీద ఉడుకుతుంటే అది తెలుగు కూర, తట్టలో పెట్టుకొని బజారుకు పోతే అదే మరాఠీ అంబాడి. మాకు అదేమీ వింతగా తోచేది కాదు.

అన్నిటికంటే పెద్ద కారణం మాత్రం పొలాల అమాస. అది ఎద్దుల పండుగ. దానికి ముందురోజు సాయంత్రం ఎద్దులను వాగులో కడిగి తెచ్చి, ఏడాదంతా కాడి మోసి కాయలు కాసిన వాటి మెడలకు వెన్నలో కలిపిన పసుపు పెట్టి మెల్లగా పిసుకుతారు. పిసికి, చెవి దగ్గర వంగి, మనిషిని పిలిచినట్టే మర్నాటి భోజనానికి పిలుస్తారు. దాన్నే మేం మరాఠీ మాటతో ఆవతనం అంటాం. పండుగనాడు కాడి కట్టరు, దెబ్బ వేయరు. కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, జోడు జోడుగా ఊరి ముందరి మామిడాకుల తోరణం కింది నుంచి నడిపించి, ఇంటికి తెచ్చి హారతిచ్చి, మోదుగాకులో పోలెలు, అంటే బొబ్బట్లు, పెడతారు. అవి తిన్నాకే ఇంట్లో మనుషులకు విస్తరి వేసేది. పశువును చుట్టంలా పిలిచి ముందుగా దానికి పెట్టే ఊరు నాదని నాకు చెప్పలేనంత గర్వం.

మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయనకు రెండు ఎద్దులుండేవి, ఎర్రోడు, చుక్కోడు. ఎర్రోడు కంధారీ జాతి, ఒళ్ళంతా ఇటుక రంగు. వాడికి ఆవతనం చెప్పే పని నాది. నాకు మాటలు సరిగా రానప్పుడే బాపు నన్ను ఎత్తుకొని వాడి చెవి దాకా తీసుకుపోయి నేర్పాడట. "మాట ఇచ్చినమంటే తప్పొద్దు బిడ్డా, నోరులేని జీవి, పిలిస్తే నమ్ముతది" అనేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు కూడా పిలిచాను. బాపు పక్కనే నిలబడి ముకుతాడు పట్టుకున్నాడు. మోచేతుల దాకా పసుపు చేసుకొని, వాడి మెడ మెత్తబడేదాకా పిసికి, "ఎర్రోడా, ఇయ్యాళ ఆవతనం తీస్కో, రేపు బువ్వకు రా" అన్నాను. వాడు చెవి ఊపాడు.

తెల్లారి లేచేసరికి ఎర్రోడి గుంజ ఖాళీగా ఉంది.

"పక్కూరి పాటిల్‌ది ఒక ఎద్దు సచ్చిపోయింది బిడ్డా" అన్నాడు బాపు, కొట్టం ఊడుస్తూ. "పండుగపూట జోడు లేకుంటే ఆయన ఇజ్జత్ ఏం గావాలె? అందుకే తోలిచ్చిన. పొద్దుమీకి అస్తడు తియ్."

నమ్మాను. ఊళ్ళో డప్పులు మోగాయి. జోడు లేని ఎద్దును మా ఊళ్ళో తోరణం కిందికి తీసుకుపోరు కాబట్టి చుక్కోడు కొట్టంలోనే ఉండిపోయాడు. అమ్మ చేసిన పోలెల్లో ఎర్రోడి వాటా మోదుగాకులో పెట్టుకొని నేను పాటిల్ ఊరి బాట మీద కూర్చున్నాను. నెయ్యి గడ్డకట్టింది, చీమలు పట్టాయి. దీపాలు పెట్టే వేళకు అమ్మ వచ్చి నా పక్కన కూలబడింది.

"అది రాదు బిడ్డా. ఎండకాలం మన మిరపతోటకు తన బాయి నీళ్ళు ఇడుస్తనన్నడు పాటిల్. బదులుగ ఎర్రోన్ని ఇచ్చేసిండు మీ బాపు. నిన్న పగటీలే మాటయింది."

నిన్న పగలు. అంటే సాయంత్రం నేను పిలిచేటప్పటికే వాడు మా వాడు కాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, అదే అయింది నా పని. ఎండాకాలం పాటిల్ బావి నీళ్ళు వచ్చాయి, అబద్ధమెందుకు. తోట బతికింది, ఆ మిరపకాయల కారం నేనూ తిన్నాను. చుక్కోడికి మేనమామ కోడెను జోడు కట్టారు. ఎర్రోడిని ఇచ్చినందుకు కాదు నా కోపం. ఇచ్చేశాక కూడా నాతో పిలిపించినందుకు. నేను ఏ మంచితనం చూసి ఆ ఊరిని ప్రేమించానో, దాన్నే అడ్డం పెట్టుకొని, మా బాపు ఒక ఎద్దునూ, ఒక ఆడపిల్లనూ ఒకే మాటతో మోసం చేశాడు.

ఇప్పుడు మా ఊళ్ళో జొన్న వేసేవాళ్ళు లేరు, అంతా సోయాబీనే. లేత కంకులు ఎవరూ కాల్చరు. పొలాల అమాసకు ట్రాక్టర్లకు దండలు వేసి తోరణం కింది నుంచి తోలుతున్నారు. కొట్టం పడగొట్టి మా తమ్ముడు ఎరువుల బస్తాలకు రేకుల గది వేశాడు. నాయనమ్మ పోయింది, అమ్మ పోయింది.

ఈసారి పండుగకు బాపు, కంటి ఆపరేషన్ అయ్యి, నాందేడ్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని ఎర్రోడి సంగతి చెప్తున్నాడు. నేను వంటింట్లోంచి వింటున్నాను.

"మీ అమ్మ పిలిస్తెనే వాడు తినేది. ఆఖరి పండుగకు గూడ మీ అమ్మ చేతుల పోలెలు తిన్నంకనే పాటిల్ ఇంటికి పోయిండు."

నేను చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చాను. "తినలేదు బాపూ. తెల్లారకముందే తోలిచ్చినవ్."

కట్టు కట్టని కంటితో నా వైపు చూశాడు. ఆ చూపులో దొంగతనం ఏమీ లేదు. "లేదు బిడ్డా, తిన్నడు. నాకు మంచిగ యాదికున్నది."

అడుగుదామంటే చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నా బిడ్డ ఇద్దరి ముఖాలూ చూసింది. చూసి, తాత మాటే నమ్మింది.