విత్తనపు గురిగి దించిన రోజు

మొన్న శనివారం సాయంత్రం మా కోడలు ఒక ప్యాకెట్ చింపి, బొటనవేలి గోరంత తెల్లని చిక్కుడు గింజలు గిన్నెలో పోసి, రేపు వీటితో గ్రీకు దేశపు వంట చేస్తానంది. రాత్రంతా నానబెట్టాలట, మెత్తగా ఉడికించాలట, టమాటలు, ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు కలిపి, పైన ఆలివ్ నూనె పోసి, ఓవెన్‌లో పెట్టి గంటసేపు దాని సంగతే మరిచిపోవాలట. అక్కడి అవ్వలు తరతరాలుగా ఇలాగే వండుతారని ఫోన్‌లో చూసి చదివి వినిపించింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! అవ్వలు ఆ దేశానికే ఉన్నట్టు, గింజలు నానబెట్టడం మనకు ఎవరో వచ్చి నేర్పినట్టు వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, పాపం ఆమెకేం తెలుసు. కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ తిప్పి చూస్తే, గింజలు సముద్రం అవతలివే గాని వాటిని నింపిన గోదాము గుండ్లపోచంపల్లిదని రాసి ఉంది. అప్పుడిక అరికాలి మంట నెత్తికెక్కింది.

గుండ్లపోచంపల్లిలోనే మా పుట్టింటి చెలక, అదే మెట్టచేను, ఉండేది. మేడ్చల్ రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు ఉండేవన్న సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ జొన్న సాళ్ళ మధ్య మా అమ్మ అనుములు పెట్టేది. అవీ చిక్కుడు జాతివే, కాకపోతే ఇంత పెద్దవి కావు. ఎండిన అనుములు నానబెట్టి కుండలో ఉడికించి, టమాటలూ ఉల్లిగడ్డలూ వేసి, రొట్టెలు కాల్చడం అయిపోయిన పొయ్యిలో నిప్పుల మీద కుండ వదిలేసి, అమ్మ మళ్ళీ చెలకకు వెళ్ళిపోయేది. తిరిగొచ్చేసరికి కూర దగ్గరపడి, అంచులు కొద్దిగా మాడి ఉండేవి. ఓవెన్‌లో పెట్టి మరిచిపోవడమంటే ఇదే కదా! దానికి మేము పేరు కూడా పెట్టుకోలేదు, అనుముల కూర అన్నామంతే.

అయితే మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పంట ఇంటికి రాగానే, ఒక్క గింజ కూడా పొయ్యి ఎక్కకముందే, అమ్మ బలమైన గింజలు ఏరి, బూడిదలో కలిపి, చిన్న మట్టి గురిగిలో పోసి, మూతికి ఎర్రమట్టి మెత్తి ఉట్టి మీద పెట్టేది. ముందు విత్తనం, తర్వాతే కూర. వానలు లేక జొన్న గటక తాగి పడుకున్న ఏడు కూడా ఆ గురిగి దిగలేదు. అందులోంచి నాలుగు గింజలు దొంగిలించానని నాకు ఒకసారి వీపు మీద పడిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకరోజు ఇంటి ముందు జీపు ఆగింది. తెల్లబట్టల వాళ్ళు నలుగురు దిగారు. నాయిన వాళ్ళను మంచం మీద కూర్చోబెట్టి లోపలికి వచ్చి, అనుముల కూర చేయమన్నాడు. డబ్బాలో అనుములు నిండుకున్నాయని అమ్మ చెప్పింది.

"ఉట్టి మీద ఉన్నయి గదా, దించు జల్దీ."

"గవి ఇత్తనాలు గదయ్యా."

"చెలకనే అమ్మినంక ఇత్తనాలెందుకే?"

చెలక పోయిందన్న సంగతి మా అమ్మకు తెలిసింది అలాగ. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆ మట్టిలో నడుం వంచిన మనిషికి, ముందుగా ఒక్క మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు. అమ్మ ఉట్టి వైపు చెయ్యి చాచలేదు. నాయిన నా వైపు చూశాడు. పీట వేసుకుని ఉట్టి మీది గురిగి దించింది నేనే. చెలక కొన్న ఆ నలుగురూ హద్దులు చూసి వచ్చేసరికి అమ్మ గింజల బూడిద కడిగి, నానబెట్టకుండానే పెద్దమంట మీద ఉడికించి కూర చేసింది. వచ్చినవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ తిని, మస్తుగుందని మెచ్చుకుని వెళ్ళారు. కుండలో కూర మిగిలినా అమ్మ ముట్టలేదు. ఆ తర్వాత బతికినంత కాలం అనుములు వండలేదు కూడా. నాయిన మీద నాకు ఆ కోపం ఆయన పోయాక కూడా చల్లారలేదు, గురిగి దించిన నా చేతుల మీద కోపం అసలే చల్లారలేదు.

ఈ ప్యాకెట్ వచ్చిన గోదాము మా చెలక మీద లేచినదో కాదో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. కోడలు గిన్నెలో నీళ్ళు పోయబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, ఒక గుప్పెడు గింజలు తీసి పక్కన పెట్టాను. మేడ్చల్ రోడ్డు మీది సుచిత్రలో మా ఐదో అంతస్తు ఇంట్లో కట్టెల పొయ్యి లేదు, బూడిద ఎక్కడిది? దేవుడి దగ్గర అగరుబత్తుల బూడిద ఊడ్చి, అందులోనే కలిపి స్టీలు డబ్బాలో పెట్టాను. ఎందుకని కోడలు అడిగితే విత్తనానికని చెప్పాను. మర్నాడు ఆమె చేసిన వంట బాగానే ఉంది. అబద్ధం ఎందుకు, అంచున మాడిన చోట అచ్చం అమ్మ కూరే. ఇంటిల్లిపాదీ ఇలాంటిది ఎన్నడూ తినలేదంటే మళ్ళీ మండిపడ్డాను.

అందరూ లేచాక కోడలు ఆ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"అత్తమ్మా, వీటిని ఏడ పెడ్దాం?"

కుండీలో మట్టి కూడా కొనుక్కునే కాలం వచ్చింది, చెలకలు గోదాములయ్యాయి, ఆ గింజలు మొలుస్తాయన్న నమ్మకం నాకైతే లేదు. అయినా ఆమె అడిగింది. ఆ రోజు మా అమ్మను ఆ మాత్రం కూడా ఎవరూ అడగలేదు.