ఇందుపగింజ అరగదీసిన నీళ్ళు

మొన్న అమ్మ పోపులపెట్టెలో ఇందుపగింజ దొరికింది. గుర్తుందా అక్కా, చిన్నప్పుడు బురద కాలువ నీళ్ళు బిందెలో పోసి ఈ గింజ అరగదీసి కలిపితే అద్దంలా తేరేవి! పై ఊరి కామందు వరిచేలు తవ్వించి రొయ్యల చెరువులు చేశాడు. ఆ ఉప్పునీళ్ళు మన కాలువలోకి వదిలాడు. అడగడానికి వెళ్ళిన నాన్నతో, "గింజ అరగదీసుకు తాగవోయ్" అని నవ్వాడు.

ఇప్పుడు ఆయనగారి మనవరాలు నా క్లాసులోనే ఉంది. నేల వాడకం నీళ్ళనెలా మారుస్తుందో పాఠం చెబుతూ, ఆ కాలువ నీళ్ళలో ఆమెతోనే గింజ అరగదీయించాను.

"తేరిపోయాయండి టీచర్!"

వాళ్ళ చెరువు దగ్గరి ఉప్పు కొలిచే మీటరే తెప్పించి ముంచాను. ఉప్పు ఏమాత్రం తగ్గలేదు. పిల్ల మొహం మాడిపోయింది. సీసా నింపి ఇచ్చాను. "తాతగారికివ్వమ్మా. గింజ అరగదీశాం, తాగమను."

ఇవాళ వచ్చి చెప్పింది. "తాగలేదండి. మీరెవరి అమ్మాయని అడిగారండి."

నాన్న పేరు ఇంటిపేరుతో సహా రాసి పంపాను.