సగంలో పారిపోయిన పాఠం

మీరు మా కుషిహారా ఊరొచ్చి కుమాజాకి తాతని కలిసి తీరాలి. ఆయన ముందు ఎవరు నోరు తెరిచినా సరే, ఆయనకి కందిరీగ నోరే గుర్తొస్తుంది.

ఓ పెళ్లిలో పెళ్లికొడుకు చేపముక్క కొరకబోతుంటే ఆపేశాడు. "నీ దవడలు పైకీ కిందకీ ఆడుతున్నాయి నాయనా. కందిరీగవి పక్కలకి ఆడతాయి, కత్తెరలాగా. నాకడానికి నాలుక వేరే ఉంటుంది." పళ్ల డాక్టరైతే ఈయన కుర్చీలో కూర్చోగానే ముందు మత్తిచ్చేస్తాడు.

ఆయన పాఠం చివరిదాకా విన్నవాళ్లు ఊళ్లో లేరు.

మా దగ్గర తినడానికని కందిరీగల తుట్టెని పెరట్లో చెక్కపెట్టెలో పెంచుతారు. నవంబరులో తూకం వేస్తారు. ఎవరిది బరువైతే వాళ్లదే గెలుపు. కొత్త తుట్టె దొరకాలంటే మాంసం ముక్కకి తెల్ల పీలిక కట్టి ఓ కందిరీగకిచ్చి, ఆ పీలికని చూస్తూ వెనకే పరిగెత్తాలి. మొన్న ఆగస్టులో మా తాతయ్య ఇనోకిచి అలాగే ఆకాశంలోకి చూస్తూ పరిగెత్తి, కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆస్పత్రి నుంచి ఒకటే ఫోన్లు. "చిగుసా, పెరట్లో తుట్టె పూచీ నీదే. ముప్ఫై ఏళ్లలో ఆ కుమాజాకిగాడి చేతిలో ఒక్కసారి కూడా ఓడలేదే."

మర్నాటి నుంచి ఆ కుమాజాకి తాతే భూతద్దంతో రోజూ తయారు.

"నడుం చూశావా, దారమంత. తిండిగొట్టం అందులోంచే పోవాలి. ముక్క దిగదు, రసమే దిగుతుంది. అయితే..."

"అయితే నాకు పనుంది తాతా." లోపలికి పరుగు.

ముక్క దిగదన్నాడుగా, ఇన్నేళ్లూ తాతయ్య వాటికి కోడి కార్జం పెట్టి దండగ చేశాడని తేల్చేశాను. చక్కెరనీళ్లు మాత్రమే పెట్టాను. కుమాజాకి తాతేమో పెట్టె వెనక వంగి గంటలు గంటలు ఉండేవాడు. మా తుట్టె బరువు అంచనా వేస్తున్నాడనుకుని తిట్టుకునేదాన్ని. పోటీ రోజు పెట్టె ఎత్తుతుంటే వెనక మేకుకి వేలాడుతూ ఎర్రదారం ముక్కలు కనిపించాయి. ఎవరు పట్టించుకుంటారు?

మాది అయిదు కిలోల ముప్పావు. ఆయనది అయిదుంబావు.

చక్రాల కుర్చీలోంచి తాతయ్య కేక పెట్టాడు. "నేను మంచంలో ఉన్నా నా తుట్టె నిన్ను కొట్టిందిరా. వచ్చే ఏడు నా దగ్గర పాఠం చెప్పించుకో."

"అలాగే లేరా," అన్నాడు కుమాజాకి తాత.

నేను ఆయన చెవిలో గొప్పలు పోయాను. "ఒట్టి చక్కెరనీళ్లతో గెలిచాను తాతా. ముక్క దిగదని మీరేగా చెప్పారు."

"పెద్దవాటికి దిగదు. వాటి పిల్లలకి దిగుతుంది. ఇవి మాంసం నలిపి తెచ్చి పెడితే అవి తిని, తిరిగి వీటి నోట్లో ఓ తీపి చుక్క వేస్తాయి. మాంసం లేకపోతే పిల్లలు ఎండిపోతాయి. నువ్వు 'అయితే' దగ్గర పారిపోయావు."

"మరి మా పిల్లలెలా బతికాయి?"

ఆయన భూతద్దం జేబులో పెట్టుకోబోతుంటే జేబులోంచి దారం ఉండ జారి కింద పడింది. ఎర్రది. కార్జం వాసన.

"ఏమే, వాడితో ఏంటి గుసగుసలు?" తాతయ్య పిలుస్తున్నాడు, మొహం వెలిగిపోతూ. "ఏం మేపావో నాకు చెప్పు, అందరూ వినేలా."

ఎవరు నోరు తెరిచినా పాఠం మొదలుపెట్టే మనిషి, మొదటిసారి నా వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

మీరైతే ఏం చెప్పేవారు?