కోత మిషను వెళ్లే దారి

గరివిడి దగ్గర ఒక రైతుల సంఘానికి మూడు వరికోత మిషన్లు ఉన్నాయి. కోతల రోజుల్లో ఏ మిషను ఎవరి పొలానికి ఎప్పుడు వెళ్లాలో చూసుకునే ప్రోగ్రాం కావాలని సంఘం అధ్యక్షుడు మా దగ్గరికి వచ్చారు. విజయనగరంలో మాది నలుగురు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఏం తయారు చేయాలో ముందుగా తెలుసుకుని కాగితం మీద పెట్టడం నా పని. ముందు ఫోన్ చేసినవారికి ముందు మిషను, అంతే కదా అనుకున్నాను. ఒక్క మధ్యాహ్నంలో బొమ్మ గీసేసి, మర్నాడు సంఘం ఆఫీసుకి పట్టుకెళ్లాను.

అక్కడ రైతుల ఫోన్లు ఎత్తి, పేర్లు పుస్తకంలో రాసుకుని, ఏటా మిషన్లను పంపేది యాభై దాటిన ఒకావిడ. నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టింది.

"బాగానే ఉన్నాదమ్మా. మరి ముందు ఫోన్ సేసినోడి మడి ఎనకుంటే, మిషను ఎగిరెల్తాదేటి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పులు వేసుకుని, రమ్మని గట్ల మీదికి తీసుకెళ్లింది. రోడ్డు పక్క మడి కోస్తేనే మిషను దాని వెనక మడిలోకి దిగగలదు. ముందు మడి ఇంకా పచ్చిగా ఉంటే వెనక రైతు ఎంత తొందరపడినా ఆగాల్సిందే. ఒకచోట నిలబడి రెండు మడులు చూపించింది.

"ఈ బావా ఆ బావా మాటాడుకోరు. ఈల మడిలోంచి ఆలకి దారివ్వరు. మిషను కాలవ సుట్టూ తిరిగెల్తాది. ఇదీ రాసుకో."

రాసుకున్నాను. నాలుగు రోజులు అలాగే తిరిగాం. పని ఇంకా మొదలుకాలేదా అని అధ్యక్షుడు ఫోన్ చేస్తే, నడుస్తున్నానని చెప్పాను. నా పాత బొమ్మలో చివరికి మిగిలింది ఫోన్ నంబరు గడి ఒక్కటే. కొత్త కాగితంలో ప్రతి మడికీ, అక్కడికి చేరాలంటే ఎవరి మడి దాటాలో రాసుంది. చదివి వినిపిస్తే ఆవిడ రెండు చోట్ల దిద్ది, సరే అంది.

కోతలు మొదలైన రోజు పొద్దున్న ఆవిడ ఫోన్ చేసింది. ప్రోగ్రాం ఏడింటికే మిషను బయల్దేరమందట. డ్రైవరుని ఆపేసిందట.

"మంచు ఆరకుండా కోత ఏటమ్మా? గింజ తడిసిపోయుంటాది."

ఆ నాలుగు రోజులూ ఆవిడ ఫోన్లన్నీ అయ్యాక పదింటికి బయల్దేరేవాళ్లం. మంచు నా కళ్ల పడనేలేదు. అది ఎవరికైనా తెలిసిందేననుకుని ఆవిడా చెప్పలేదు. ఇద్దరం ఫోన్లోనే నవ్వుకున్నాం. మధ్యాహ్నానికల్లా సరిచేశాం. ఆ కోతలు పూర్తయ్యేదాకా ఒక్క మిషనూ దారిలేక వెనక్కి తిరగలేదు.

తర్వాత ఆవిడే పక్క మండలం సంఘానికి నా నంబరిచ్చింది. వాళ్లది మొక్కజొన్న. దాని గురించి నాకేమీ తెలియదని ముందే చెప్పేసి, పొద్దున్న ఆరింటికి వాళ్ల పొలంలో ఉన్నాను.