కడసారి ఫోటోకి హక్కుదారు

సత్తెనపల్లిలో సుభానీ ఫోటో స్టూడియో మూతపడి చాలా ఏళ్లయింది. చేతికో సెల్‌ఫోను వచ్చాక ఫోటోగ్రాఫర్‌ని పిలిచే నాథుడే లేడు. షాపు పోయినా నెగటివ్‌లు మాత్రం పోలేదు. మంచం కింద, అటక మీద, ఎక్కడ చూసినా వాటి రేకు పెట్టెలే. పాత ఇనుమోడికి వెయ్యమని భార్య ఆసియా సాధించని రోజు లేదు.

నరసరావుపేటలో పల్నాటి పాత ఫోటోలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో భద్రపరిచే ప్రశాంతి ఆ సంగతి విని వచ్చింది. ఓపెన్ లైసెన్స్ కింద పెడదామంది. అంటే ఎవరైనా ఊరికే చూసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, కింద పేరు మాత్రం రాసి తీరాలి. తన తిరునాళ్ల ఫోటోలను వేరే స్టూడియోవాళ్లు పేరు చెరిపి అమ్ముకుంటే ఏమీ చేయలేక ఊరుకున్న మనిషి సుభానీ. పేరుంటుందనగానే ఒప్పేసుకున్నాడు.

చిక్కల్లా కడసారి ఫోటోల దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో మనిషి పోతే శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫోటో తీయించుకునేవాళ్లు. బతికుండగా కెమెరా మొహం చూడనివాడికి అదే మొదటిది, అదే ఆఖరిది.

"ఇవి మీరొక్కరే ఇస్తే చాలదు బాబాయ్. డబ్బులిచ్చి తీయించుకున్నవాళ్లదే హక్కు. వాళ్లు ఒప్పుకోవాలి," అంది ప్రశాంతి.

"ఎండనబడి లూనా తోలింది నేనూ, హక్కు వాళ్లదా? ఏందమ్మా ఇది!" అని గింజుకున్నాడు సుభానీ. గింజుకుంటూనే మర్నాడు ఆమెతో కలిసి ముప్పాళ్ళ బస్సెక్కాడు.

ముందుగా రామాయమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె భర్త హనుమంతరావు మిరపతోటలో పాము కరిచి పోయాడు. ఆయనకు ఆ కడసారి ఫోటో తప్ప మరొకటి లేదు. అందులో మొహం వరకే సుభానీ పెద్దది చేసి, ఆ ఒక్కటే ఇచ్చాడు. అది గోడమీద దండతో ఉంది.

వచ్చిన పని చెప్పగానే రామాయమ్మ అడ్డంగా తలూపింది.

"వద్దు సుభానీ. ఆయన కుడిపక్క పాపిడి తీసేవోడు. ఆ రోజు దువ్వింది నేనే. ఫోటో వచ్చినాక చూస్తే ఎడంపక్కనుంది. మొగుడి పాపిడి ఎటో తెలియనిదానివి ఏం కాపరం చేశావే అని మా అత్త చచ్చిందాకా అంటానే ఉంది. నా చెయ్యి ఎట్టా తప్పిందో నాకే తెలవదు. దండేసేటప్పుడు కూడా నేనటు చూడను. ఇంక దాన్ని లోకమంతా చూడాలా?"

సుభానీ గోడమీది ఫోటో దగ్గరికి వెళ్లి చూశాడు. ప్రశాంతిని ట్యాబ్‌లో ఆ నెగటివ్‌కి ముందే చేసిన స్కాన్ చూపించమన్నాడు. అందులో ఫోటో మొత్తం ఉంది. వెనక గోడమీద ఎన్నికల రాతలు తిన్నగా చదవడానికి వస్తున్నాయి. కుర్చీలో హనుమంతరావు పాపిడి కుడిపక్కనే ఉంది.

"అక్కా, నీ చెయ్యి తప్పలా. పెద్దది కొట్టేటప్పుడు నేను నెగటివ్ తిరగేసి పెట్టా, కుడి కాస్తా ఎడమైపోయింది. ఉత్త మొహమే గదా, కనిపెట్టలేకపోయా," అన్నాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఎంత పని చేశావురా సుభానీ!" అంది రామాయమ్మ. ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నేళ్లు పడ్డ మాట ఒక్క పూటలో అబద్ధమైపోతే ఏడవక ఏం చేస్తుంది? ఆ మాట అన్న అత్తేమో వినడానికి లేకపోయె.

కాసేపటికి కళ్లు తుడుచుకుని ప్రశాంతి వైపు తిరిగింది.

"పెట్టుకో అమ్మాయ్. కింద పేరు రాస్తారంటివి గదా?"

"అవును పెద్దమ్మా. ఫోటో తీసింది సుభానీ అని రాస్తాం."

"దాని కిందే ఇంకోటి రాయి. పాపిడి తీసింది రామాయమ్మ అని."