దూరంగా వేసిన బల్ల

ఒంట్లో జ్వరం, గొంతులో దగ్గు పెట్టుకుని గుండె జబ్బు మనిషిని చూడడానికి మీరెప్పుడైనా వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. ఆయన మంచం మీదే కూర్చుని, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పి, కాఫీ తాగి, నాలుగుసార్లు దగ్గి, మంచి పని చేశామన్న తృప్తితో ఇంటికొచ్చి ఉంటారు. మిమ్మల్ని తిట్టడానికే ఇది రాస్తున్నాను. మొన్న అమలాపురంలో మా వీధిలో ఒకాయనకి గుండె నాళంలో స్టెంటు వేసి ఇంటికి పంపించారు. సాయంత్రానికి మా పక్కింటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రుమాలులోకి దగ్గుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి, "మీరు రారేంటండీ? నాకూ ఒంట్లో బాగోలేదు గానీ, వెళ్ళకపోతే ఏం బాగుంటుందండీ" అన్నారు. వెళ్ళొద్దన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, వెళ్ళిపోయారు. ఆ చూపు నాకు కొత్త కాదు. డెబ్భైల చివర్లో, ముమ్మిడివరం దగ్గర మా మేనమామ ఊళ్ళో, ఊరు ఊరంతా నన్ను అలాగే చూసింది.

మామయ్య వరి, కొబ్బరి ఉన్న రైతు. అంతకన్నా ముందు వాదించే మనిషి. ఆదివారం పూట ఆయన అరుగు మీద చర్చ జరిగేది. దేవుడి దగ్గర్నుంచి ఎరువుల దాకా ఏదీ వదిలేవాళ్ళం కాదు. నిమ్మాకు వేసిన మజ్జిగ, పక్క పెరట్లో నానుతున్న కొబ్బరిపీచు వాసన, మామయ్య గొంతు, ఈ మూడూ కలిస్తేనే నాకు ఆదివారం. నాకు వాదన నేర్పింది ఆయనే. నేను ఏ పక్షం తీసుకుంటే దానికి ఎదురు పక్షం తీసుకుని నన్ను చిత్తుగా ఓడించేవాడు. ఓడినవాడికి మా అత్తయ్య జాలిపడి పనసపొట్టు కూర ఒక గరిటె ఎక్కువ వడ్డించేది. కూర బాగా కుదిరిన రోజున ఓడిపోవడానికి పోటీ పడేవాళ్ళం.

ఆయన మాటలతో ఆగిన మనిషి కాదు. తాతయ్య కాలంలో దళితులుండే పేట నుంచి వచ్చినవాళ్ళు అరుగు కింద నిలబడి మాట్లాడాలి, వాళ్ళకి ఇచ్చే గ్లాసు విడిగా చూరులో దోపి ఉండాలి. తాతయ్య పోయిన ఏడాదే మామయ్య ఆ గ్లాసు తీసుకెళ్ళి కాలవలోకి విసిరేశాడు. హాల్లో ఒక పొడుగాటి బల్ల వేయించి, ఎవరొచ్చినా దాని మీదే కూర్చోవాలన్నాడు. మొదట కూర్చున్నది పేటలో ఉండే క్రైస్తవ మాస్టారు. బడిలో హెడ్మాస్టరు, మామయ్యకి ప్రాణస్నేహితుడు. చుట్టాలు చాలామంది భోజనాలకి రావడం మానేశారు. మామయ్య కూతుర్ని ఇచ్చిన వియ్యంకుడు మాత్రం మానలేక వచ్చేవాడు గానీ, ఆ బల్ల మీద ఏనాడూ కూర్చోలేదు. మూలనున్న కుర్చీ తనే లాక్కునేవాడు.

ఇంతలో మామయ్యకి చేల గట్టు మీద నడిస్తే గుండెల్లో పట్టేసినట్టు ఉండడం మొదలైంది. గ్యాస్ అన్నారు. వాము నీళ్ళు తాగించారు. గట్టు మధ్యలో కూలబడిపోతే అప్పుడు కాకినాడ తీసుకెళ్ళాం. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, యానాం మీదుగా. అక్కడి గుండె డాక్టరు ఓపికమంతుడు. "రైతులు కదండీ, రైతు భాషలోనే చెబుతాను. మీ గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నాళం పూడిపోయిన బోదెలాగుంది. మామూలు రోజుల్లో ఆ నీళ్ళతోనే చేను తడుస్తుంది. జ్వరం వచ్చిందనుకోండి, గుండె పరిగెడుతుంది, చేనుకి రెట్టింపు నీరు కావాలి. బోదె ఇవ్వలేదు. ఊపిరితిత్తులకి నెమ్ము పట్టిందా, ఉన్న నీళ్ళలోనూ సారం ఉండదు. ఊళ్ళో అందరికీ అది పడిశం. మీకు కాదు. దగ్గేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద మామయ్య నవ్వాడు. "ఏటేటా బోదెలన్నీ పూడిక తీయించేనురా. నాది నేను మర్చిపోయేను."

మా వైపు ఆసుపత్రి నుంచి వచ్చినవాణ్ణి చూడకపోవడం ఎంత నేరమో బయటివాళ్ళకి తెలియదు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. బత్తాయిలూ, బ్రెడ్డూ పట్టుకుని జనం తండోపతండాలుగా వచ్చారు. జబ్బుమనిషి పడుకుని పలకరించకూడదు, లేచి కూర్చోవాలి. కథ మొదటినుంచీ చెప్పాలి. విన్నవాడు తన బావమరిదికి గుండె ఆగిపోయిన కథ బదులు చెబుతాడు. అత్తయ్య కాఫీలు కలిపి కలిపి చేతులు పడిపోయాయంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మంచు దిగి, ఊళ్ళో ఇంటింటా జ్వరమూ దగ్గూ పట్టుకున్నాయి. రాత్రీ పగలూ ఊరు దగ్గుతూనే ఉంది. దగ్గుతూనే మామయ్యని చూడడానికి వస్తోంది.

నేను ఇంకో బల్ల తీసుకెళ్ళి వీధి గుమ్మం బయట, కొబ్బరిచెట్టు కింద వేశాను. దగ్గున్నవాళ్ళు అక్కడే కూర్చోవాలి, మామయ్య కిటికీ లోంచి మాట్లాడతాడు అని చెప్పాను. "డాక్టరు చదవకుండానే డాక్టరైపోయేడండీ మేనల్లుడు" అని ఒకాయన, "కాఫీ కూడా విసిరేస్తారేంటండీ ఇక్కడికి?" అని ఇంకొకాయన. అత్తయ్య లోపల చెంగు నలుపుకుంటూ, "వాళ్ళేమనుకుంటారో నాయనా" అంటుంది. వీటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. కానీ కిటికీ లోంచి ఆ బల్ల చూసి మామయ్య ముఖం పాలిపోయింది. "మనిషిని మనిషి దూరంగా కూర్చోబెట్టకూడదని జన్మంతా అరిచేనురా. చివరికి నా గుమ్మం బయట బల్ల వేయించేవా?"

ఆ సాయంత్రమే మాస్టారు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఆ బల్ల మీద కూర్చున్నారు. లోపల్నుంచి మామయ్య అరిచాడు. "మాస్టారూ! మీరు అక్కడేంటండీ? మీరే అక్కడ కూర్చుంటే ఇంక నేను చేసిందేంటి?"

"నాకు పడిశం అండీ" అన్నారు మాస్టారు, రుమాలు అడ్డం పెట్టుకుని. "మా నాన్నని మీ అరుగు కింద నిలబెట్టింది పుట్టుక చూసి. నన్నిక్కడ కూర్చోబెట్టింది దగ్గు చూసి. ఆ దూరం చచ్చేదాకా పోదు, ఇది వారంలో పోతుంది. పోగానే వచ్చి మీ పక్కనే కూర్చుంటాను. అప్పటికి మీరు ఉండండి చాలు."

నా జీవితంలో విన్న వాదనలన్నిట్లోకీ గొప్పది అదే. మామయ్య "ఆయ్" అన్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

మర్నాడు రాజోలు నుంచి వియ్యంకుడు దిగాడు. కారులోంచి దిగడమే దగ్గుతో దిగాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చేతులు జోడించి బల్ల చూపించాను. ఆయన బల్లకేసి చూశాడు, నాకేసి చూశాడు, లోపలికి వినబడేలా అన్నాడు. "ఏవండీ అబ్బాయిగారూ, అంటరానితనం పోవాలని మీ మావయ్యగారు మా ఊరొచ్చి కూడా ఉపన్యాసం చెప్పేరే! పోయిందనుకున్నాం. వియ్యంకుళ్ళ కోసం దాచి ఉంచేరన్నమాట!"

పేటవాళ్ళు కూర్చున్న బల్ల మీద ఒక్కనాడూ కూర్చోని మనిషి నోట్లోంచి ఆ మాట. నేను నోరు తెరిచేలోపు మామయ్య గోడ పట్టుకుని తనే గుమ్మంలోకి వచ్చాడు. "లోపలికి రండి బావగారూ. వాడికి తెలీదు." "మావయ్యా, డాక్టరు..." అన్నాను. "నోర్ముయ్యరా" అన్నాడు. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అనడం అదే మొదలు. అత్తయ్య అడ్డం రాలేదు. కూతురు కాపురం చేసేది వియ్యంకుడి ఇంట్లో. వియ్యంకుడు మామయ్య మంచం మీద ఆనుకుని కూర్చుని, భోంచేసి, కబుర్లు చెప్పి, మామయ్య ముఖం మీదికి దగ్గి దగ్గి, పొద్దు వాలాక వెళ్ళాడు. మూఢనమ్మకాలతో పోట్లాడడం తేలిక. అవి మూఢనమ్మకాలని ఒకటి రెండు దెబ్బలకే తేలిపోతుంది. మర్యాద అలా కాదు, మంచి బట్టలు కట్టుకుని వస్తుంది. ఆ రోజైతే మామయ్య సిద్ధాంతాన్నే కట్టుకుని వచ్చింది.

వారం తిరక్కుండా మామయ్యకి జ్వరం తగిలింది. ముందు ముక్కు కారింది, తర్వాత దగ్గు, తర్వాత ఆయాసం. గుండెల్లో మళ్ళీ పట్టేసింది. కారు కట్టించుకుని బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం ఎదుర్లంక రేవుకి చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. అది ఇటు తిరిగి వచ్చేలోపు, కారు వెనక సీట్లో, అత్తయ్య ఒళ్ళో ఆయన పోయాడు. మాస్టారు అప్పటికి కోలుకుని రేవు దాకా మాతో వచ్చారు. ఆ రోజు అన్నట్టు ఆయన మామయ్య పక్కన కూర్చున్నది అప్పుడే.

దినాల నాడు వియ్యంకుడు అందరి మధ్యా అన్నాడు. "ఆ పడిశం నాకూ వచ్చిందండీ. నేను చచ్చేనా? బావగారిది గుండె జబ్బు. పడిశానికి ఎవరైనా పోతారా?" అందరూ తలలూపారు. తలూపినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఒకటే జబ్బు తెరుచుకున్న నాళాలున్నవాణ్ణి వదిలేసి, పూడిన నాళాలున్నవాణ్ణి తీసుకుపోతుందన్న చిన్న లెక్క ఆ పందిట్లో ఒక్కరికీ ఎక్కలేదు. ఇవాళ డాక్టర్లు ఇంకా స్పష్టంగా చెబుతున్నారు. ఫ్లూ లాంటి జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళంతా లోలోపల, నాళాల్లో కూడా వాపు పుడుతుంది, నాళం గోడలో పేరుకున్న కొవ్వు అప్పుడు పగలవచ్చు, పగిలిన చోట నెత్తురు గడ్డకట్టి దారి మూసేయవచ్చు అంటున్నారు. గుండె జబ్బున్నవాళ్ళు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలనీ అంటున్నారు. మనం ఇంకా బత్తాయిలు కొంటున్నాం.

కాబట్టి చెబుతున్నాను, వినండి. మీ ఇంట్లో గుండె నాళాలు పూడిన మనిషి ఉంటే టీకా సంగతి రేపే డాక్టర్ని అడగండి. దగ్గుతో వచ్చినవాడు చుట్టమైనా, స్నేహితుడైనా, మీ పిల్లనిచ్చిన ఇంటి పెద్దయినా, గుమ్మంలోనే ఆపండి. కోపం వస్తుంది, రానివ్వండి. నలుగురిలో అంటాడు, అననివ్వండి. ఆ వియ్యంకుడి అలక మహా అయితే మళ్ళీ కోతల దాకా ఉండేది. మామయ్య లేని ఏళ్ళు నలభై దాటి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆపండి.